పై వరస కాయలు

మామిడి కాయలు గంపకి ఎత్తడానికి మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. అడుగున వరిగడ్డి పరవాలి. దాని మీద ఒక వరస కాయలు, మళ్ళీ కొంచెం గడ్డి, మళ్ళీ ఒక వరస. పై వరస దగ్గరికి వచ్చేసరికి మా నాయన ఆగుతాడు. మచ్చలేని కాయలు, సొన కారని కాయలు ఏరి పైకి పెడతాడు. మా తాత చూశాడంటే ఊరుకోడు. "పైన ఏది పెడితే కింద కూడా అదే పెట్టాల. కొనేవాడు చూసేది పై వరసే, ఇంటికి తీసకపోయేది గంపంతా" అంటాడు. "అందరూ ఇట్లే పెడతారు నాయనా" అని మా నాయన అంటాడు. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి ప్రతి ఎండాకాలం ఈ తగాదా వింటూనే ఉన్నాను. ఇది పెద్ద ప్రశ్న అని, దేశాలు కూడా దీనికి జవాబు చెప్పుకోవాలని నాకు పోయిన జూన్ దాకా తోచలేదు.

మాది కృష్ణగిరి జిల్లాలో చిన్న ఊరు. ఇంట్లో తెలుగు, బస్సు ఎక్కితే తమిళం, సంతలో కన్నడం కూడా వినిపిస్తుంది. మాకు రెండెకరాల మామిడి తోట ఉంది. చాలావరకు బెంగళూరా చెట్లు. చిత్తూరు వైపు వాళ్ళు దీన్నే తోతాపురి అంటారు. కొస ముక్కు మాదిరి వంగి ఉంటుంది. పచ్చికాయని ఉప్పూ కారం అద్దుకుని మనం తింటాం గాని, పంటలో ఎక్కువ భాగం గుజ్జు ఫ్యాక్టరీలకే పోతుంది. అక్కడ గుజ్జు తీసి, కాచి, డబ్బాల్లో, పీపాల్లో నింపి ఓడల మీద గల్ఫ్ దేశాలకీ ఐరోపాకీ పంపుతారు.

2025 జూన్‌లో ఒకరోజు పొద్దున మా ఊరికి మూడు కార్లు వచ్చాయి. విదేశీ కొనుగోలుదారులు వస్తున్నారని, తోటలు చూస్తారని ముందురోజే కబురు వచ్చింది. "రెండు క్రేట్ల మంచి కాయలు సిద్ధంగా పెట్టండి" అన్నారు. మా తోట రోడ్డు పక్కనే ఉంది కాబట్టి మా కాయలే అడిగారు. తాత దోటి పట్టుకుంటే, కాయలు కిందపడి దెబ్బతినకుండా నేను చిక్కంలో నుంచి తీసుకున్నాను. ఏరి ఏరి రెండు క్రేట్లు నింపాం.

వచ్చినవాళ్ళలో ఒకాయన ఒక కాయ చేతిలోకి తీసుకుని, తొడిమ దగ్గర వాసన చూసి, మా తాత వైపు తిరిగి ఇంగ్లీషులో అడిగాడు. దీనికి మీకు కిలోకి ఎంత వస్తుంది అని. తాతకి ఇంగ్లీషు రాదు. పక్కనే ఉన్న అధికారి తాతని అడగకుండానే, నవ్వుతూ, రైతులకి మంచి ధర అందుతోంది, అంతా ప్రభుత్వం చూసుకుంటోంది అని జవాబు చెప్పేశారు. ఆ పెద్దాయన తల ఊపి, తాతకి నమస్కారం పెట్టి, పక్క చెట్టు దగ్గరికి వెళ్ళాడు.

ఆ ప్రశ్న నాకు అర్థమైంది. ఆ జవాబూ అర్థమైంది. ఆ వారం మండీలో మా చేతికి వచ్చింది కిలోకి నాలుగు రూపాయలు. కోత కూలి, బండి బాడుగ అందులోనే పోవాలి. ఇవన్నీ తెలిసి కూడా నేను కాయల తట్ట పట్టుకుని ఊరికే నిలబడ్డాను.

కార్లు పోయినాక తాత అడిగాడు, "ఏమడిగినాడు పాపా ఆయన?"

చెప్పాను.

"నన్నే అడిగినాడా?"

"అవును తాతా."

"మరి నాకెందుకు చెప్పకపోతివి?"

నా దగ్గర జవాబు లేదు. ఈ వ్యాసం ఆ జవాబు కోసం రాస్తున్నదే.

ముందు ఎదుటివైపు మాట చెప్పాలి. కోపం మీద రాస్తే వాదన నిలవదని మా మాస్టారు అంటుంటారు.

సాగు, పాడి, చేపలు, అడవి, గనులు - భూమి నుంచి, నీటి నుంచి నేరుగా వచ్చే వాటిని ప్రాథమిక రంగం అని మన పాఠంలో చదువుకున్నాం. ఈ సరుకులు అమ్ముకోవడానికి, బయటి పెట్టుబడులు రప్పించుకోవడానికి ప్రభుత్వాలు బృందాలను పంపుతాయి. మన దేశంలో వ్యవసాయ సరుకుల ఎగుమతికి 1986 నుంచి అపెడా అనే సంస్థ పనిచేస్తోంది. దుబాయిలో ఏటా జరిగే గల్ఫుడ్ లాంటి ఆహార ప్రదర్శనలకి మన వ్యాపారులను తీసుకెళ్తుంది, అక్కడి కొనుగోలుదారులను ఇక్కడికి తీసుకొస్తుంది. ఇవి అనవసరమని ఎవరు అనగలరు? రెండెకరాల రైతు దుబాయి పోయి బేరం చేయలేడు కదా.

తలుపులు తెరిపించడం కూడా ప్రభుత్వాలే చేయగలవు. పురుగుల భయంతో అమెరికా మన మామిడి పళ్ళను పద్దెనిమిదేళ్ళపాటు రానివ్వలేదు. 2006లో రెండు ప్రభుత్వాలు మాట్లాడుకుని, పళ్ళను రేడియేషన్‌తో శుద్ధి చేసి పంపాలని ఒప్పుకున్నాకే 2007లో మళ్ళీ మన పళ్ళు అక్కడికి వెళ్ళాయి. అలాగే 2013లో మన దేశం నుంచి ఐరోపాకి వెళ్ళిన పళ్ళు, కూరగాయల్లో 207 సరుకు పంపకాల్లో ఈగలూ పురుగులూ కనబడ్డాయి. దాంతో 2014 మే 1 నుంచి అక్కడ మన మామిడిని, వంకాయ, కాకర లాంటి నాలుగు కూరగాయలను ఆపేశారు. ఇక్కడ తనిఖీలు గట్టిచేసి, వాళ్ళకి నచ్చజెప్పాక 2015లో మామిడికి దారి ఇచ్చారు. ఏ రైతూ ఒంటరిగా ఈ పని చేయలేడు.

ఇంకోటి చెప్పకపోతే నేనూ పై వరస మాత్రమే చూపించినదాన్ని అవుతాను. మా అక్క ఒక ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. పొద్దున నాలుగున్నరకి కంపెనీ బస్సు ఎక్కుతుంది. మా జిల్లాకి అలాంటి ఫ్యాక్టరీలు వాటంతట అవి రాలేదు. ప్రభుత్వాలు పిలిచి, స్థలం చూపించి, రాయితీలు ఇస్తే వచ్చాయి. 2022 మార్చిలో మా రాష్ట్ర ముఖ్యమంత్రి దుబాయి, అబుదాబి వెళ్ళినప్పుడు 6,100 కోట్ల రూపాయలకి ఆరు ఒప్పందాలు కుదిరాయని చెప్పారు. 2024 జనవరి 7, 8 తేదీల్లో చెన్నైలో జరిగిన పెట్టుబడిదారుల సదస్సులో 631 ఒప్పందాలు, 6,64,180 కోట్ల రూపాయలు అని ప్రకటించారు. పోయిన ఏడు మామిడి మునిగిపోతే, మా నాయన సొసైటీ బాకీ కట్టింది అక్క జీతంతోనే. నా పుస్తకాలూ ఆ డబ్బుతోనే కొన్నాం. కాబట్టి ఈ బృందాలన్నీ మోసం అని నేను రాస్తే, తింటున్న అన్నాన్ని తిట్టినట్టే.

మరి ఆ రోజు మా తోటలో జరిగినదానిలో తప్పు ఏమిటి? కాయ బాగుంది, అది అబద్ధం కాదు. ఆ అధికారి కూడా జేబులో ఏమీ వేసుకోలేదు. మన జిల్లా సరుకు అమ్ముడుపోవాలనే ఆయన తాపత్రయం. ఇంట్లో ఈ సంగతి వచ్చినప్పుడు మా నాయన, "వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చేయమన్నారు. వాళ్ళు కొంటే మనకే కదా మంచిది" అన్నాడు.

ఈ సామెత గురించి నేను చాలా రోజులు ఆలోచించాను. అవును, పెళ్ళి కుదిర్చేవాళ్ళు పిల్ల తరఫునే మాట్లాడతారు. పిల్లకి వంట వచ్చు, కోపం రాదు, ఎంత చెబితే అంత అని వాళ్ళే చెప్పేస్తారు. కట్నం సంగతీ వాళ్ళే ఒప్పుకుంటారు. పిల్ల లోపల ఉంటుంది. పెళ్ళి అయ్యాక కుదిర్చినవాళ్ళు భోజనం చేసి, తాంబూలం వేసుకుని వాళ్ళ ఊరికి పోతారు. ఆడిన అబద్ధంతో కాపురం చేయాల్సింది మాత్రం ఆ పిల్లే. "నీకు ఇంతకంటే మంచి సంబంధం వస్తుందా" అని అడిగితే ఆమె ఏమంటుంది? సంబంధం మంచిదే కావచ్చు. ఆమెని అడగలేదన్న మాట మాత్రం అట్లే ఉంటుంది.

ప్రభుత్వాలు కుదుర్చుకునే ఒప్పందాల్లో కూడా సంతకాలు ఇద్దరివే ఉంటాయి. అమ్మించే ప్రభుత్వం ఒకటి, కొనే కంపెనీ ఒకటి. ఎవరి నేల, ఎవరి నీళ్ళు, ఎవరి పంట మీద ఆ బేరం నడుస్తోందో ఆ మూడో మనిషి కాగితంలో కనబడడు. బేరం చెడితే ఎక్కువ నష్టం అతనికే.

దీనికి ఒడిశాలో జరిగిన సంగతి మాస్టారు క్లాసులో చెప్పారు. 2005 జూన్ 22న ఒడిశా ప్రభుత్వం దక్షిణ కొరియా ఉక్కు కంపెనీ పోస్కోతో ఒప్పందం చేసుకుంది. విలువ సుమారు 52,000 కోట్ల రూపాయలు. మన దేశానికి వచ్చే విదేశీ పెట్టుబడుల్లో అప్పటికి అదే పెద్దదని పేరు. ఒడిశా ఇనుప ఖనిజం, జగత్‌సింగ్‌పూర్ జిల్లా సముద్రతీరంలో ఫ్యాక్టరీ, పక్కనే రేవు. రెండువైపులా సంతకాలు అయ్యాయి. కాని ఆ తీరంలో ధింకియా, గోవిందపూర్ లాంటి ఊళ్ళ ఇసుక నేలలో తమలపాకు తోటలు ఉన్నాయి. చిన్న చిన్న మడుల్లో వెదురుతో పందిరి వేసి, గడ్డి కప్పి, నీడలో పెంచే తోటలు. ఏడాది పొడుగునా ఆకు కోయవచ్చు, చేతిలో డబ్బు ఆడుతుంది. అందులో చాలా నేల కాగితం మీద అటవీ భూమి. తరాల నుంచి సాగు చేస్తున్నా పట్టా లేదు.

కొందరు పరిహారం తీసుకుని తోటలు ఇచ్చేశారు. ఇవ్వమన్నవాళ్ళు ఏళ్ళ తరబడి దారికి అడ్డం కూర్చున్నారు, ఆడవాళ్ళు, పిల్లలతో సహా. పోలీసులను పెట్టి తోటలు తీయించారు. చివరికి ఏమైంది? పన్నెండేళ్ళ తర్వాత, 2017లో, ఆ కంపెనీ భూమి వెనక్కి తీసుకోమని చెప్పి వెళ్ళిపోయింది. ఆ భూమి తమలపాకు రైతులకి తిరిగి రాలేదు. ప్రభుత్వం దగ్గరే ఉండిపోయి, తర్వాత ఇంకో ఉక్కు కంపెనీ ప్రాజెక్టుకి ఇచ్చారు.

కంపెనీకి వేరే దేశాలు ఉన్నాయి. ప్రభుత్వానికి వేరే కంపెనీలు దొరికాయి. తోటలు పోయినవాళ్ళకి వేరే తోట లేదు. ఉక్కు ఫ్యాక్టరీ వద్దనడం నా ఉద్దేశం కాదు. ఫ్యాక్టరీ జీతంతో చదువుకుంటున్న నేను అలా అనలేను. కాని సంతకానికి ముందు ఆ ఊళ్ళలో కూర్చుని, "ఈ బేరంలో మీకేం కావాలి? ఈ బేరం చెడితే మీకేం మిగలాలి?" అని అడిగి ఉంటే కథ మరోలా ఉండేదేమో. ఒకవేళ ఫ్యాక్టరీ రాకపోయినా, తోటలైనా మిగిలి ఉండేవి.

"వ్యాపారం అంటే ఇంతే, బయటివాళ్ళకి నమ్మకం కలగాలంటే ఇక్కడివాళ్ళు కొంచెం సర్దుకోవాలి" అని కొందరు అంటారు. వాళ్ళకి మన చరిత్రలోనే ఒక జవాబు ఉంది. కోస్తా ఆంధ్రలో మోటుపల్లి అనే రేవు ఉండేది. కాకతి గణపతిదేవుడు 1244లో అక్కడ ఒక శాసనం వేయించాడు. దాన్ని అభయశాసనం అంటారు. అంతకుముందు రాజులు, తుఫానుకి ఓడ పగిలి ఒడ్డుకి కొట్టుకొస్తే అందులో ఉన్న సరుకంతా లాక్కునేవారట. గణపతిదేవుడు ఆ ఆచారం మానేశాడు. సముద్రం మీద ప్రాణాలకు తెగించి వచ్చిన వర్తకులకి సొమ్మే ప్రాణమని, తాను న్యాయమైన సుంకం తప్ప మరేమీ తీసుకోనని రాయి మీద చెక్కించాడు. సుంకం సరుకులో ముప్పైలో ఒక వంతు.

ఎనిమిది వందల ఏళ్ళ కిందటే మన రాజు ఒకాయన విదేశీ వర్తకులను పిలవడానికి ఏం చేశాడో చూడండి. తన సరుకు గొప్పదని చెప్పుకోలేదు. నష్టం వచ్చిన రోజున నేను ఏం చేస్తానో, ఏం చేయనో ముందే చెబుతున్నాను అన్నాడు. ఓడ బాగున్నప్పుడు ఎవరైనా గౌరవిస్తారు. పగిలిన రోజున కూడా నీ సొమ్ము నీదే అనడం అభయం. అది అందరికీ కనబడేలా రాయి మీద ఉంది. మాట తప్పితే వచ్చి చూపించవచ్చు.

ఆ శాసనం గురించి చదివినప్పుడు నాకు తోచింది ఇదే. ఇప్పటి ప్రభుత్వాలు కూడా పెట్టుబడిదారులకి ఇలాంటి అభయాలు చాలానే ఇస్తాయి. కరెంటు ఇంత ధరకి ఇస్తాం, నీళ్ళు ఇస్తాం, ఇన్నేళ్ళు పన్ను వదిలేస్తాం, అనుమతులన్నీ ఒకే కిటికీ దగ్గర ఇస్తాం అని. ఇవ్వనీ, మంచిదే. దూరం నుంచి వచ్చినవాడికి భయం ఉంటుంది కాబట్టి అభయం కావాలి. మరి మా తాతకి భయం లేదా? 2025లో బెంగళూరా బాగా కాసింది. ఫ్యాక్టరీల దగ్గర పాత ఏడు గుజ్జే అమ్ముడుపోకుండా ఉందన్నారు, ధర పడిపోయింది. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్నట్టు, మా ఊరి అంగట్లో మామిడి రసం సీసా ధర మాత్రం ఒక్క రూపాయి తగ్గలేదు. మా తాత ఓడ కూడా ఆ నెలలో పగిలింది. ఆ రోజు నీకు ఇది మిగులుతుంది అని రాసిన రాయి ఏదీ మా ఊళ్ళో లేదు.

ఆ నెలలోనే చిత్తూరు జిల్లాలోకి వేరే రాష్ట్రాల తోతాపురి రాకుండా ఆపేశారు. కర్ణాటక ముఖ్యమంత్రి దాని మీద ఆంధ్రా ముఖ్యమంత్రికి ఉత్తరం రాశారు. మా ఊళ్ళో అందరూ చిత్తూరు వాళ్ళను తిట్టారు. నేనూ తిట్టాను. కాని మా మేనత్త ఇల్లు కుప్పం దగ్గరే. ఫోన్ చేస్తే, "ఏం చెప్పేదే తల్లీ, మీ మామ ట్రాక్టరు మూడు రోజుల నించి ఫ్యాక్టరీ గేటు ముందరే ఉంది. కాయలు బండి మీదే పండిపోతా ఉండాయి" అంది. అక్కడి ప్రభుత్వం ఫ్యాక్టరీలు కిలోకి ఎనిమిది రూపాయలు ఇవ్వాలని, తాము నాలుగు రూపాయలు కలుపుతామని చెప్పింది. పన్నెండు రూపాయలు విని మాకు అసూయ కలిగింది. అత్తకి మాత్రం ఆ గేటు దాటడమే గొప్ప అయింది. మూడు రాష్ట్రాల రైతులం ఒకరి మీద ఒకరం పడ్డాం. మా అందరి గుజ్జూ చివరికి చేరేది అవే ఓడల్లోకి. ప్రభుత్వాలు విదేశంలో చెప్పేదీ భారతదేశపు మామిడి అనే. అక్కడ ఒకే పేరు మీద అమ్ముడుపోయే కాయకి ఇక్కడ మూడు అభయాలు ఎందుకు ఉండాలి, లేదా అసలు లేకుండా ఎందుకు ఉండాలి?

"అన్నీ చెప్పుకుంటూ పోతే బేరం కుదరదు, మన బాధలు వాళ్ళకెందుకు" అనేవాళ్ళు కూడా ఉన్నారు. ఇది తేలిగ్గా తీసేసే మాట కాదు. మనం నాలుగు రూపాయలు అని చెబితే, ఆ పెద్దాయన ఇంకా తక్కువకి అడుగుతాడేమో. ఇంకో దేశం వాళ్ళు నవ్వుతూ తమ కాయ అమ్ముకుంటారేమో. అలా జరగవచ్చు. కాని ఇప్పుడు కొనేవాళ్ళే అడుగుతున్నారు, ఈ పంట ఎవరు పండించారు, వాళ్ళకి ఎంత ఇచ్చారు, ఏ మందు కొట్టారు అని. మంచి ధర అందుతోంది అన్న మాట ఒకరోజు బయటపడితే ఏమవుతుంది? 2013లో ఐరోపాలో పురుగు దొరికింది 207 పంపకాల్లో. మూసుకుపోయిన తలుపు మాత్రం దేశం మొత్తానికి. కింది వరసలో దాచింది ఏదైనా ఒకరోజు పైకి వస్తుంది. అప్పుడు పై వరస కాయని కూడా ఎవరూ నమ్మరు. పైన పటారం, లోన లొటారం అని మనవాళ్ళు ఊరికే అనలేదు.

ఇంకో సంగతి. ప్రభుత్వాలు తలుచుకుంటే మూడో మనిషిని గుర్తు పెట్టుకోగలవు. 2022 ఏప్రిల్ 2న మన దేశం ఆస్ట్రేలియాతో వ్యాపార ఒప్పందం చేసుకుంది. అక్కడ పాడి పెద్ద పరిశ్రమ. అయినా మనవాళ్ళు పాలు, పాల సరుకులను, గోధుమలను ఆ ఒప్పందం బయటే ఉంచారు. ఒకటి రెండు ఆవులు పెట్టుకుని బతికే కోట్ల ఇళ్ళు ఇక్కడ ఉన్నాయని ఆ బల్ల దగ్గర ఎవరో గుర్తు చేశారన్నమాట. ఒక పాల చెంబు అంత దూరం వినబడగలిగితే, ఒక మామిడి గంప కూడా వినబడాలి. ఒక తమలపాకు పందిరి కూడా.

అందుకే నేను కోరేది పెద్ద విషయం కాదు. అతిథులను తోటకి తీసుకొస్తే, రైతుని అడిగిన ప్రశ్న రైతుకి చేరాలి. దుబాసీ పని మాట మార్చడం కాదు, మోయడం. రెండోది, సదస్సులో ఇన్ని కోట్లు, ఇన్ని ఉద్యోగాలు అని ఏ వేదిక మీద చదివారో, రెండేళ్ళ తర్వాత అదే వేదిక మీద వచ్చినవి ఎన్ని, రానివి ఎన్ని అని చదవాలి. మాకు పరీక్షలు రాశాక మార్కుల కాగితం ఇస్తారు కదా, అలాగే. మూడోది, పెట్టుబడిదారుడికి ఇచ్చే అభయం పక్కనే, ఆ నేల వాళ్ళకి ఇచ్చే అభయం కూడా రాయాలి. ధర పడిపోతే ఏం చేస్తారు, కంపెనీ వెళ్ళిపోతే భూమి ఎవరికి వస్తుంది అని. రాయి మీద రాయకపోయినా సరే, పంచాయతీ గోడ మీద తమిళంలో, తెలుగులో రాస్తే చాలు.

ఇవన్నీ ప్రభుత్వాలకి చెప్పే మాటలు. నాకు నేను చెప్పుకోవాల్సింది ఒకటి మిగిలి ఉంది. ఆ రోజు తాత ప్రశ్నని తాతకి చేర్చగలిగినవాళ్ళు అక్కడ ఇద్దరం ఉన్నాం. ఆ అధికారి, నేను. ఆయనకి ఉద్యోగం ఉంది, పైవాళ్ళు ఉన్నారు. నాకు ఉన్నది సిగ్గు మాత్రమే. అంతమంది పెద్దవాళ్ళ మధ్య ఆడపిల్ల నోరు తెరిస్తే బాగుండదేమో, నా ఇంగ్లీషు తప్పు పోతుందేమో, ఊరికి చెడ్డపేరు వస్తుందేమో అనుకున్నాను. ఊరి పేరు కాపాడాలనుకుని తాత మాట దాచాను. ఆలోచిస్తే ఆ అధికారి చేసిందీ ఇదే కదా! పై వరస సర్దే అలవాటు ఆఫీసుల్లో మాత్రమే ఉందనుకున్నాను. నాలోనూ ఉంది.

ఇది తాతతో చెప్పాను. తాత నవ్వి, "నేను మాత్రం ఏం చేసినాను పాపా. వాళ్ళు వస్తారని చెప్తానే, మచ్చ లేని కాయలే ఏరి క్రేట్లకి పెడితిమి కదా ఇద్దరమూ. మీ నాయనని ఇన్నేండ్లు తిట్టినాను" అన్నాడు. కొంచెంసేపు ఆగి, "మంచి కాయ చూపించడం తప్పు కాదులే. ఇట్లాంటివే ఇస్తానని మాట ఇచ్చినట్ల అది. ఆ మాట ఎవురు ఇచ్చినారో వాళ్ళే నిలబెట్టాల" అన్నాడు.

ఇప్పుడు మా తోటలో పూత వచ్చింది. ఈసారి మంచు తక్కువ, తేనెమంచు పురుగు కూడా అంతగా లేదు, కాపు బాగుంటుందని నాయన అంటున్నాడు. కాపు బాగుంటే ధర ఎట్లా ఉంటుందో అని అమ్మకి దిగులు. అక్క మాత్రం రాత్రి డ్యూటీ నుంచి వచ్చి నిద్రపోతోంది. కార్లు మళ్ళీ వస్తాయో రావో తెలియదు. వస్తే మళ్ళీ మంచి కాయలే ఏరి పెడతాం. ఎవరైనా తాతని ఏదైనా అడిగితే మాత్రం, నేను తట్ట కింద పెట్టి, ఆయన అడిగిందేమిటో తాతకి తెలుగులో చెబుతాను. తాత ఏం చెబితే అది వాళ్ళకి ఇంగ్లీషులో చెబుతాను. వ్యాకరణం తప్పు పోతే మా ఇంగ్లీషు టీచరమ్మ క్షమించాలి.